పాప ఎవరి చేతిలోంచి పోయింది

ఆళ్లగడ్డలో మా అత్తవారి వైపు ఏ పెళ్లికి పోయినా నన్ను కొత్తవాళ్లకు చూపించే పద్ధతి ఒకటుంది. "సముద్రం కాడ బిడ్డను పోగొట్టుకొన్యాదని చెప్పలేదా, ఆమె ఈమే" అంటారు. ఆ బిడ్డ అప్పుడు నా పక్కనే కూర్చుని లడ్డు కొరుకుతూ ఉంటుంది. కొత్తవాళ్లు దాని తల నిమిరి "అయ్యో తల్లీ" అంటారు. నన్ను మాత్రం పైనుంచి కిందికి ఒకసారి చూసి, విస్తరి వైపు తిరుగుతారు.

దీనికి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. చెప్పిన ప్రతిసారీ "సర్లే మే, అయిపోయింది గదా" అంటారు. అయిపోయినదాన్ని పెళ్లి పెళ్లికీ ఎందుకు తవ్వి తీస్తారో ఎవరూ చెప్పరు. అందుకే జరిగింది జరిగినట్టు, మొదటి నుంచి రాస్తున్నాను.

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరును. చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడాను. ఈత మా నాయన నేర్పించాడు, ఊరి పక్క కాలువలో, నడుముకు బెండు కట్టి. ఆడపిల్లకు ఈత ఎందుకని అడిగినవాళ్లకు ఆయన "నీళ్లకు ఆడామగా తెలుస్తాదా?" అని జవాబిచ్చేవాడు. ఇంత ఈత వచ్చినా నేను సముద్రం చూడలేదు. మాకు సముద్రం అంటే వార్తల్లో వచ్చే వాయుగుండమే.

పాప పుట్టాక రెండేళ్లు నేను పరుగన్నది ఎరగను. బడిలో పిల్లలను పరిగెత్తించి నేను విజిల్ ఊదేదాన్ని. ఆ దసరా సెలవులకు మాత్రం గట్టిగా అనుకున్నాను. ముగ్గురం విశాఖపట్నం పోవాలి. బీచిలో ఫొటోలు దిగి రావడం కాదు, ఆ తీరమంతా నడవాలి. కొండలెక్కాలి, ఎర్రమట్టి దిబ్బల్లో తిరగాలి, భీమిలి దాకా పోవాలి. పాప ఎట్లాగూ ఒక చోట కూర్చునే రకం కాదు. నడిచినంతసేపు నడుస్తుంది, అలిసిపోతే నేను మోస్తాను. దానికోసం వీపుకు కట్టుకునే సంచి ఒకటి తెప్పించాను. అది చూసి మా ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"ఏందిది, కోతి పిల్లను మోసినట్ల. జనాలు నవ్వుతారు."

"మోసేది నేను. నువ్వెందుకు సిగ్గుపడతాండావ్?" అన్నాను.

ఆయనకు ఆళ్లగడ్డలో విత్తనాలు, ఎరువుల అంగడి ఉంది. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వస్తాడు. ఒకరోజు అంగడికి వచ్చిన వాళ్లక్కతో ఈ ప్రయాణం సంగతి చెప్పాడు. అంతే, ముగ్గురం కాస్తా ఆరుగురమయ్యాం. మా వదిన, ఆమె భర్త, మా అత్త. "పసిబిడ్డను ఎత్తుకోని ఒంటిగా యాడికి పోతారు? మేముంటే బిడ్డను చూస్కుంటాం గదా" అని ఫోనులో వదినే అంది. ఆ మాట నేను నమ్మాను. కొంచెం సంతోషపడ్డాను కూడా. ఇంతమంది ఉంటే నాకు కాస్త ఖాళీ దొరుకుతుందనుకున్నాను.

విశాఖలో రైలు దిగిన గంటకే ఆ ఖాళీ ఏపాటిదో తేలిపోయింది. మొదటి రోజు బీచిలో అందరూ నీళ్లలోకి దిగారు. చెప్పులు, సంచులు, ఫోన్లు, మా అత్త కళ్లజోడు, చివరికి పాప, అన్నీ నా ముందుకొచ్చి చేరాయి. "నువ్వు చూస్తాండు మే, ఇప్పుడే వస్తాం" అని పోయిన వదిన గంటకు పైగా రాలేదు. చీర మోకాళ్లదాకా ఎత్తి, అల వచ్చినప్పుడల్లా కేక పెట్టి, భర్త చేయి పట్టుకుని గెంతుతూ ఉంది. ఆమె సంతోషం మీద నాకు కోపం లేదు. ఆమెకూ సముద్రం కొత్తే. కానీ ఆ ఆరుగురిలో ఈత వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నేను ఒడ్డున చెప్పులకు కాపలా.

పాప నీళ్ల వైపు చేయి చూపించి "పోదాం, పోదాం" అని ఒకటే గొడవ. దాన్ని అలల అంచు దాకా తీసుకుపోదామంటే ఫోన్లన్నీ ఇసుకలో వదిలి పోవాలి. మా ఆయన తిరిగొచ్చాక "ఇంక నేను పోతా" అన్నాను. "ఆకలైతాంది, తినేసి వద్దాం" అన్నాడు. తినేసరికి పొద్దు గుంకింది.

రెండో రోజు పొద్దున తొట్లకొండకు పోయాం. కింద గేటు దగ్గర నేను అద్దెకు మాట్లాడుకున్న బండి దిగి, పాపను వీపుకు కట్టుకుని నడుస్తానన్నాను. "పైదాకా రోడ్డుంటే నడిచేదేందీ?" అని వదిన భర్త నవ్వాడు. వాళ్లు బండిలో పోయారు. నేను ఎక్కాను. తొడలు మంట పుట్టాయి, ఊపిరి ఎగిసింది, పాప నా జుట్టు పట్టుకుని గుర్రాన్ని తోలినట్టు "హై, హై" అంది. పైన పాత బౌద్ధుల కట్టడాల పునాదులు, వాటి మధ్య గడ్డి, కింద కంటికి ఆనినంత మేర నీలం. పాపను దించగానే రాళ్ల మధ్య పరుగందుకుంది. పడింది. మోకాలు చూసుకుంది, లేచింది, మళ్లీ పరిగెత్తింది. నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. బడిలోనూ నేనంతే. పడిన పిల్లలు లేవడానికి కొంచెం సమయం ఇస్తాను. లేవలేకపోతే అప్పుడు పోతాను. దాన్ని కూడా అట్లాగే పెంచుతున్నాను.

మా అత్త నీడలో కూర్చుని అంతా చూస్తూ ఉంది. "కింద పడితే ఎత్తుకోను గూడా లేయదు. ఏం తల్లో" అని వదినతో అంది, నాకు వినబడేటట్టే. మా ఆయన అక్కడే ఉన్నాడు. విననట్టు సముద్రాన్ని ఫొటో తీసుకున్నాడు.

సాయంత్రం భీమిలి దారిలో ఒక బీచి దగ్గర ఆగాం. జనం పలచగా ఉన్నారు. ఒకవైపు సరుగుడు తోట, ఇంకోవైపు ఒడ్డుకు లాగిన పడవలు. ఇసుక మీద తోలే నాలుగు చక్రాల బండ్లు అద్దెకిస్తున్నారు. వదిన భర్త అది ఎక్కుతానని ఉబలాటపడ్డాడు. నేను అప్పటికే సంచిలోంచి ఈత బట్టలు, అంటే నా పాత ట్రాక్ ప్యాంటు, టీషర్టు, తీసి మార్చుకున్నాను. ఎవరి మాటా వినదలుచుకోలేదు. పాపను ఎత్తుకొచ్చి మా ఆయన చేతికిచ్చాను.

"పది నిముషాలు. దీన్ని పట్టుకో. కింద దించినా చెయ్యి ఇడ్సొద్దు."

"సరే పో. నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అన్నాడు.

ఈ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇచ్చాను, చెప్పాను, ఆయన సరే అన్నాడు.

నడుము లోతు దాకా పోయాను. అంతకు మించి పోకూడదని తెలుసు, అది కాలువ కాదు. మొదటి పెద్ద అల వచ్చినప్పుడు దాని కిందికి మునిగాను. చెవుల్లో హోరు, నోట్లో ఉప్పు, కాళ్ల కింద ఇసుక జారిపోవడం. లేచేసరికి నాకే తెలియకుండా నవ్వుతున్నాను. రెండేళ్లుగా నా ఒళ్లు పాపకు పాలిచ్చింది, పాపను మోసింది, బస్సులో నిలబడింది. ఆ కాసేపు అది నాది. ఇంకో అల, ఇంకో అల. మూడో నాలుగో అల తర్వాత ఒడ్డు వైపు తిరిగి చూశాను.

మా ఆయన రెండు చేతులూ ఎత్తి ఫోను పట్టుకుని ఉన్నాడు. వాళ్ల బావ ఇసుకలో బండి తోలుతుంటే వీడియో తీస్తున్నాడు. రెండు చేతులూ ఫోనుకే ఉన్నాయి. ఆయన చుట్టూ, కాళ్ల దగ్గర, వెనకాల, ఎక్కడా పసుపు రంగు గౌను లేదు.

నీళ్లలోంచి ఎట్లా పరిగెత్తానో తెలియదు. పరుగు రాకుండా నీళ్లు పట్టి లాగాయి. "పాప యాడ?" అని అరిచాను. ఆయన ఫోను దించకుండానే "ఈడనే..." అని పక్కకు చూశాడు. అప్పుడు ముఖం మారింది. "అక్కా, పాప నీ కాడుందా?" అని కేకేశాడు. వదిన మొక్కజొన్న కంకి తింటోంది. "నా కాడెందుకుంటాది? నీ కాడ్నే గదా ఉండె!"

ఆ తర్వాత వదిన ఛాతీ మీద కొట్టుకుంటూ "నీళ్లల్లోకి పోయిందేమో, నీళ్లల్లోకి" అని మొదలుపెట్టింది. ఆ మాట వినగానే నేను మళ్లీ సముద్రం వైపు తిరిగాను. ప్రతి అలనూ చూశాను. నురగలో ఏది కదిలినా పసుపుగా కనబడింది. ఒక చోట కొబ్బరి బోండాం తేలుతుంటే దాని మీద పడి పట్టుకున్నాను. నాకు ఈత వచ్చు. వచ్చి ఏం లాభం, ఎటు ఈదాలి? మా ఆయన సరుగుడు తోట వైపు పరిగెత్తాడు. మా అత్త ఇసుకలో చతికిలబడి దేవుళ్లను పిలుస్తోంది. ఎంతసేపో నేను చెప్పలేను. ఇప్పటికీ మా ఆయన ఐదు నిముషాలంటాడు, వదిన గంటంటుంది.

పడవల అవతల నుంచి ఒకామె వచ్చింది. చేపలు ఎండబెట్టుకునే మనిషి, చేతులకు పొలుసు అంటుకుని ఉంది. ఆమె చంకలో నా పాప. పాప పిడికిట్లో ఒక ఎండుచేప. ఏడవడం లేదు. నన్ను చూసి చేపను చూపించింది.

"ఈ గుంట ఎవులిదమ్మా?" అని ఆమె కేకేసింది. "కాకుల్ని తోలుకుంటూ వలల్లోకి వచ్చీసినాది."

నేను పరిగెత్తి లాక్కున్నాను. ఆమె నా తడి బట్టలను, కారుతున్న జుట్టును చూసింది. "కన్నతల్లివేనా? పిల్లని ఒగ్గీసి నీటాటలేటమ్మా?" అంది.

నా బిడ్డను నాకు తెచ్చిచ్చిన మనిషి. ఆమెకు నేను జీవితమంతా దండం పెట్టాలి, పెట్టాను కూడా. కానీ ఆమె కూడా నన్నే అంది. పొడి బట్టల్లో, చేతిలో ఫోనుతో, రొప్పుతూ నా పక్కనే వచ్చి నిలబడిన మనిషి వైపు ఆమె చూడను కూడా లేదు.

ఆ తర్వాత అందరూ అందుకున్నారు.

"నీకు ఈత ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా? చెప్పు మే" అంది వదిన.

"మొగోని చేతికి బిడ్డనిచ్చి పోతారా ఎవురన్నా? వానికేం తెల్సు?" అంది మా అత్త.

నేను మా ఆయన వైపు చూశాను. ఒక్క మాట చాలు. 'నేనే చూసుకోలేదు' అంటే చాలు. ఆయన ఫోనుకు అంటిన ఇసుకను చొక్కాకు తుడిచాడు. "సర్లే, దొరికింది గదా. పదండి, చీకటైతాంది" అన్నాడు.

ఆ బీచి, ఆ అలలు, ఆ భయం, అన్నీ మరిచిపోగలనేమో. ఆ "సర్లే" మాత్రం మరువలేను.

హోటలు గదికి పోయాక అడిగాను.

"యాల చెప్పలేదు?"

"ఏం చెప్పమంటావ్? అందరి ముందర నన్ను తిట్టించాల్నా?"

"నన్ను తిడతాంటే ఇంటాంటివి గదా. నేను చెయ్యని దానికి."

"తిట్లు కాదు మే అవి. భయపడి ఏదో అన్యారు."

"అయితే నువ్వూ తిను అవి."

ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. మామూలుగా అయితే నేను ఏడ్చేదాన్ని. ఆ రోజు ఏడుపు రాలేదు.

పొద్దున లేచేసరికి తీర్మానం అయిపోయి ఉంది. ఇంక ఎక్కడా తిరగొద్దు, టికెట్లు రేపటికి మార్చుకుని ఇంటికి పోదాం. నేను రానన్నాను. "రైలు రేపు కదా. మీరేమన్నా చేసుకోండి. నేను ఎర్రమట్టి దిబ్బలు చూసి వస్తా" అని పాపను వీపుకు కట్టుకున్నాను. "మళ్లీ యాడికి మే బిడ్డనేసుకోని? నిన్న చాల్లేదా?" అని వదిన తలుపుకు అడ్డం నిలబడింది.

"నిన్న నా చేతిలో ఉన్యప్పుడు యాడికీ పోలేదు వదినా. జరుగు" అన్నాను.

జరిగింది. మా ఆయన మంచం మీద కూర్చుని చూశాడు.

భీమిలి బస్సెక్కి దిబ్బల దగ్గర దిగాను. కారం పొడి పోసినట్టు ఎర్రటి ఇసుక, వానకు కోసుకుపోయిన వాగుల్లాంటి దారులు, రెండు పక్కలా మనిషిని మించిన గోడలు. నేను ఏ చోటు కోసం ఇంత దూరం వచ్చానో ఆ చోటు. పాపను దించాను. అది పరిగెత్తబోయింది. నేను చెయ్యి వదలలేదు. అది లాగింది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "నొప్పి, అమ్మా నొప్పి" అని ఏడ్చేదాకా నాకు తెలియలేదు. చూస్తే మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

అప్పుడు వచ్చింది అసలు కోపం. నేను పిల్లలను అట్లా పట్టుకునే మనిషిని కాను. ముందురోజు కొండ మీద అది పడితే కూర్చుని చూసినదాన్ని. ఒక్క పూటలో వాళ్లంతా కలిసి నాకు ఈ భయం అంటించారు. తప్పు ఆయనది, భయం నాకు. వాళ్లు హాయిగా టిఫిన్ తింటూ ఉంటారు. నేను ఇక్కడ ఎర్రమట్టిలో నిలబడి నా బిడ్డ చెయ్యి కమిలిపోయేట్టు పట్టుకుని ఉన్నాను.

కూర్చుని దాని చేతిని ఊదాను. కాసేపటికి వదిలాను. అది పోయింది. దాని వెనకాలే రెండు అడుగుల దూరంలో నడిచాను, కూర్చోలేకపోయాను. అది ఒక వాలు మీద కూర్చుని జారింది, గౌనంతా ఎర్రగా చేసుకుంది, మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. నేను నవ్వాను. కానీ చేతులు చాచే ఉంచాను. తర్వాత భీమిలిలో పాత దీపస్తంభం చూశాం, ఇద్దరం ఒక ఐస్ పుల్ల తిన్నాం. సముద్రంలోకి దిగలేదు.

ఇంటికొచ్చేసరికే కథ నాకంటే ముందు ఆళ్లగడ్డ చేరింది. నెల తిరిగేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. నేను నడి సముద్రం దాకా ఈదుకుంటూ పోయానట. పాపను అల లాక్కుపోతే జాలరివాళ్లు వలేసి తీశారట. వల అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, కానీ అది ఒడ్డున ఆరేసిన వల అని ఎంతమందికని చెప్పను?

ఏడాది ఓర్చుకున్నాను. వదినవాళ్లు ఆళ్లగడ్డలో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజు, భోజనాల దగ్గర ఆమె మళ్లీ మొదలుపెట్టింది. వడ్డిస్తూనే చెబుతోంది. "ఈమె నీళ్లల్లో ఈత కొడతాంటే బిడ్డేమో..."

"నా చేతిలోంచి పోలేదు వదినా" అన్నాను. గట్టిగానే అన్నాను, మైదానంలో పిల్లలను పిలిచే గొంతుతో. "మీ తమ్ముని చేతిలోంచి పోయింది. నేను ఆయనకు ఇచ్చి పోయినా. ఆయన ఫోన్ చూస్తాండె. అడగండి."

పంక్తి అంతా ఆగిపోయింది. మా ఆయన విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఔ. నా కాడ్నుంచే పోయింది. నేనే చూసుకోలేదు" అన్నాడు.

ఈ మాట కోసం నేను ఏడాది కాచుకుని ఉన్నాను. అయితే దాని తర్వాత ఏం జరుగుతుందో మాత్రం నేను ఊహించలేదు. ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. "మొగోనికి బిడ్డనిస్తే అంతేనమ్మా!" ఇంకెవరో "మా ఇంటామె ఎత్తుకోమని బిడ్డనిస్తే బస్టాండులోనే మర్సిపోయొస్తి" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. "పాపం, ఎంత భయపడినాడో నా తమ్ముడు" అని ఆయన విస్తట్లో ఇంకో ఓళిగ వేసి నెయ్యి పోసింది.

అదే తప్పు నాదని అనుకున్నప్పుడు నాకు జీవితాంతం ఉండే పేరు పెట్టారు. ఆయనదని తేలినప్పుడు ఆయనకు ఓళిగ పెట్టారు. నేను విస్తరి మడిచి లేచాను.

నంద్యాల బస్సులో ఆయన అన్నాడు, "చెప్పినా గదా అందరి ముందర. ఇంగా యాల కోపం?"

"చెప్పినావ్. నువ్వు చెప్పినా ఏం కాలేదు, చూసినావా? ఆ పొద్దే బీచిలో చెప్పింటే ఇంతే అయ్యేది. నువ్వు రెండు నిముషాలు నవ్వులపాలయ్యేటోనివి, అంతే. దానికోసరం నాతో ఏడాది తిట్లు తినిపించినావ్."

ఆయన, నిద్రపోయిన పాపను నా ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకున్నాడు. అది మంచి పనే. నా కోపం దానితో తగ్గలేదు. తగ్గాలని ఆయన కూడా అడగలేదు.

ఈ ఏడు మళ్లీ పోయాం, బాపట్ల దగ్గర సూర్యలంకకు. ఈసారి ముగ్గురమే. వదిన ఫోను చేసి "మమ్మల్ని పిలవలేదే" అంటే "పిలవలేదు వదినా" అని పెట్టేశాను. పొద్దున్నే తీరం వెంబడి నడిచాం, పాప ఇప్పుడు మాతో సమానంగా నడుస్తుంది. గవ్వలు ఏరింది, పీతల వెంట పడింది. నేను నీళ్లలోకి పోయినంతసేపూ ఆయన దాని చెయ్యి వదల్లేదు. దానితో ఇసుకలో గుంతలు తవ్వాడు, దాని మూతి తుడిచాడు, టోపీ పెట్టాడు. తన ముక్కు మాత్రం ఎండకు కమిలింది. నేను తనివితీరా ఈదాను. నిజం చెప్పాలంటే చాలా రోజుల తర్వాత ఆయన మీద కొంచెం ప్రేమ కూడా పుట్టింది.

ఒడ్డుకు వచ్చి తల తుడుచుకుంటుంటే పక్కన గొడుగు కింద కూర్చున్న ఒకావిడ నన్ను పలకరించింది. ఆవిడకూ ఇద్దరు పిల్లలు, ఒకడు ఒళ్లో, ఒకడు కొంగు పట్టుకుని. భర్త ఎక్కడో నీళ్లలో ఉన్నాడు. "ఇందాకటి నుంచి చూస్తున్నానండీ. మీ వారు పాపని ఎంత బాగా చూసుకుంటున్నారో! మీరు చాలా అదృష్టవంతులు" అంది.

మా ఆయన విన్నాడు. ముఖం విప్పారింది.

మండిపోయింది నాకు. విశాఖలో మొదటి రోజు చెప్పులకు, సంచులకు, పాపకు గంటకు పైగా కాపలా కూర్చున్నప్పుడు నన్ను చూసి మా ఆయన అదృష్టవంతుడని ఏ ఒక్కరూ అనలేదు. ఆవిడతో అదే అందామని నోటిదాకా వచ్చింది. ఆవిడ ఒళ్లోని బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, రెండోవాడు ఇసుక తింటున్నాడు, ఆవిడ చీర అంచు కూడా తడవలేదు. కోపం ఆవిడ మీద చూపించేది కాదు.

"మీరూ పోయి రండమ్మా" అన్నాను. "మీ పిల్లోల్లను ఈయన చూస్తాడు."

మా ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆవిడ నా వైపు, ఆయన వైపు, నీళ్ల వైపు చూసింది. ఒళ్లోవాణ్ణి ఆయన చేతికిచ్చి లేచింది.